వరుస తెలియని పాటలు

క్యాసెట్ల రికార్డింగ్ షాపులు గుర్తున్నాయా?

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాల ఘాటు దాటి బజారులోకి అడుగుపెట్టగానే అలాంటిదొకటి ఉండేది. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసుకుని వెళ్లేవాళ్లం. ఎ సైడు ఇవీ, బి సైడు ఇవీ అని అంకెలేసి మరీ ఇచ్చేవాడు నాన్న. రెండ్రోజులాగి వెళితే క్యాసెట్ చేతికొచ్చేది. తీరా ఇంటికొచ్చి వింటే... వరుస తారుమారు! ఘంటసాల విషాదం తర్వాత రావాల్సిన జోలపాట ముందే వచ్చేసేది. నాన్న మళ్లీ సైకిలెక్కి వెళ్లి గొడవపడేవాడు.

‘‘పాటలన్నీ ఉన్నాయి కదండీ. ముందైతే ఏంటి, వెనకైతే ఏంటండీ?’’ అనేవాడు షాపతను.

‘‘వరుస తప్పితే అది వేరే క్యాసెట్టయ్యా!’’ అనేవాడు నాన్న.

అప్పట్లో నాకది నాన్న చాదస్తంలా తోచేది. కానీ సరిగ్గా ఇదే తగువు సముద్రాల అవతల వేలమంది దశాబ్దాల తరబడి పడ్డారని తర్వాతెప్పుడో తెలిసింది. అదీ ఎప్పుడూ విడుదల కాని ఒక ఆల్బమ్ కోసం! దాని పేరు ‘స్మైల్’. చిరునవ్వు అన్నమాట. ఆ చిరునవ్వు కోసం అభిమానులు 37 ఏళ్లు ఎదురుచూశారు.

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్ పక్కన హాథార్న్ అని ఒక ఊరు. అక్కడ విల్సన్ గారి అబ్బాయిలు ముగ్గురు... బ్రయాన్, డెన్నిస్, కార్ల్. వాళ్ల మేనత్త కొడుకు మైక్ లవ్. మన వరసలో బావ. వీళ్లకి తోడు అల్ జార్డిన్ అనే స్నేహితుడు. అంతా కలిసి 1961లో ‘బీచ్ బాయ్స్’ బృందం పెట్టారు. సముద్రం, అలల మీద పలకలేసుకుని స్వారీలు, కార్లు, అమ్మాయిలు... పాటలన్నీ వీటి మీదే. కుర్రకారు వెర్రెత్తిపోయారు. పాటలు కట్టేది పెద్దవాడు బ్రయాన్. అతనికి కుడిచెవి దాదాపు వినిపించదు. అయినా ఐదారు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎలా అమరాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు.

1966లో అతను ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే పాట చేశాడు. మూడున్నర నిమిషాల పాట. దానికోసం నెలల తరబడి నాలుగు స్టూడియోలు తిరిగాడు. పాటను మొదటినుంచి చివరిదాకా ఏకబిగిన పాడించడం మానేశాడు. పల్లవి ఒకచోట. చరణం ఇంకో వారం ఇంకోచోట. మధ్యలో వచ్చే వాద్యం మరోచోట. ఆ తర్వాత రీలు టేపును బ్లేడుతో కోసి, ముక్కలు అటూ ఇటూ మార్చి అతికించాడు. షాట్లు తీసి ఎడిటింగ్ చేసినట్టు పాట చేశాడన్నమాట. అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ అది మొదటి స్థానానికి వెళ్లింది.

దాంతో ధైర్యం వచ్చింది. ఆల్బమ్ మొత్తం ఇలాగే ముక్కలు ముక్కలుగా చేస్తానన్నాడు. మాటలు రాయడానికి వాన్ డైక్ పార్క్స్ అనే యువకుణ్ని పిలిచాడు. ఇంట్లో పియానో కింద ఇసుక పోయించుకుని, కాళ్లకు ఇసుక తగులుతుంటే బాణీలు కట్టాడట! నిప్పు మీద ఒక సంగీతం చేస్తూ వాద్యగాళ్లందరికీ ఫైరింజను వాళ్ల టోపీలు పెట్టించాడు. అదే రోజుల్లో స్టూడియోకి దగ్గర్లో ఓ భవనం తగలబడింది. అది తన సంగీతం వల్లేనని బ్రయాన్ భయపడ్డాడు. ఆ టేపు పక్కన పెట్టేశాడు. మాదకద్రవ్యాలు, మానసిక అనారోగ్యం అప్పటికే అతణ్ని పట్టుకున్నాయి. ఇంకోపక్క ‘ఈ మాటలకి అర్థమేంటి?’ అంటూ బావగారి పేచీ. రికార్డు కంపెనీతో లెక్కల తగాదా. 1967లో పార్క్స్ వెళ్లిపోయాడు. ఆ మే నెలలో స్మైల్ ఆగిపోయిందని ప్రకటన వచ్చేసింది.

అసలు విచిత్రం ఏంటంటే, అప్పటికే అట్టలు అచ్చయిపోయాయి. చిరునవ్వులు అమ్మే దుకాణం బొమ్మతో 4 లక్షలకు పైగా కవర్లు! వెనకవైపు 12 పాటల పేర్లున్నాయి. పక్కనే ఓ చిన్న సూచన... పాటల సరైన వరుస కోసం రికార్డు మీది లేబుల్ చూసుకోమని. రికార్డే లేదు. ఇక లేబుల్ ఎక్కడిది?

నన్నడిగితే ఈ మొత్తం కథకి ఆ సూచనే కీలకం.

ముక్కల్లో కొన్ని ఆ తర్వాతి ఆల్బముల్లో ఒకటీ అరా బయటికొచ్చాయి. ‘సర్ఫ్స్ అప్’ అనే పాట 1971లో వచ్చింది. మిగతావి కంపెనీ గిడ్డంగిలో ఉండిపోయాయి. 1980ల్లో ఆ టేపులు దొంగచాటుగా బయటికి పొక్కాయి. ఇక చూడండి! క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి, నకలుకి నకలు. నాలుగు చేతులు మారేసరికి పాటకన్నా ‘సుయ్’మనే చప్పుడే ఎక్కువగా వినిపించేది. అయినా వదల్లేదు. ఇంట్లో రెండు టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టుకుని, ఎవరికి వారు తమ స్మైల్ తయారు చేసుకోవడం మొదలెట్టారు. 1988లో డొమినిక్ ప్రయోర్ అనే అభిమాని ఆనాటి పత్రికల కత్తిరింపులన్నీ పోగేసి పుస్తకమే వేశాడు. 1993లో కంపెనీ ఓ పెట్టెడు సీడీలు తెచ్చి, అందులో అరగంట అసలు స్మైల్ ముక్కలు చేర్చింది. అప్పట్నుంచి అభిమానులకి మంచి సరుకు దొరికింది. తర్వాత కంప్యూటర్లూ వచ్చాయి.

ఊరికే అతికించేయడం కాదు సుమండీ. ఏ ముక్క ఏ శ్రుతిలో ఉంది, ఏ నడకలో ఉంది, ఏది దేనికి అతుకుతుంది అని పరిశీలించేవారు. టేపులో పాటకి ముందు బ్రయాన్ వాద్యగాళ్లతో అన్న మాటలు చెవులు రిక్కించి వినేవారు. ఏ తేదీన ఏది రికార్డయిందో లెక్కలు కట్టేవారు. ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరు ఒప్పుకునేవారు కాదు. మా నాన్న, ఆ షాపతను... వందల జతలుగా!

మరి ఆ పెద్దమనిషి సంగతి? బ్రయాన్ ఆ పేరెత్తితేనే మొహం తిప్పుకునేవాడు. తమ్ముళ్లిద్దరూ పోయారు... 1983లో డెన్నిస్ నీళ్లలో మునిగి, 1998లో కార్ల్ క్యాన్సర్‌తో. తర్వాత బ్రయాన్‌తో కచేరీల్లో వాయించే బృందంలోకి డేరియన్ సహనాజా అనే అతను వచ్చాడు. అతనూ స్మైల్ అభిమానే. అతను ముక్కలన్నీ కంప్యూటర్లో పెట్టుకుని బ్రయాన్ దగ్గర కూర్చుని, ఒక్కోటీ వినిపించాడు. ఇది దేని తర్వాత? ఇక్కడ మాటలుండేవా? అని అడిగాడు. ఒకచోట మాట అర్థంకాకపోతే బ్రయాన్ నేరుగా పార్క్స్‌కి ఫోన్ చేశాడు. అలా పాతికేళ్ల వయసులో వదిలేసిన పనిని ఇద్దరూ అరవై దాటాక పూర్తి చేశారు. 2004 ఫిబ్రవరి 20న లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్లో స్మైల్ మొత్తాన్ని బ్రయాన్ పాడి వినిపించాడు. సెప్టెంబరులో ఆల్బమూ వచ్చింది.

తగువు తీరిందా? ఎక్కడ తీరుతుంది! 2004 స్మైల్‌లో మూడు భాగాలున్నాయి. ‘రికార్డుకి ఉండేవి రెండే వైపులు కదా, 1967లో మూడు భాగాలెలా ఉంటాయి?’ అన్నారు అభిమానులు. నిజమే మరి. 2011లో కంపెనీ అసలు టేపుల్నే 2004 వరుస ఆధారంగా పేర్చి విడుదల చేసింది. దానికి 2013లో గ్రామీ పురస్కారం కూడా వచ్చింది. దాంతోపాటే మిగిలిన ముక్కల్నీ సీడీల నిండా ఇచ్చారు. దాంతో అభిమానులు మళ్లీ మొదటికొచ్చారు. 2025 జూన్ 11న బ్రయాన్ కన్నుమూశాడు. ఇక అడగడానికీ ఎవరూ లేరు.

ఇదంతా చదివి ‘ఎవరో వదిలేసిన పని వీళ్లకెందుకండీ?’ అంటారేమో. ఆ మాట మనం అనకూడదు. ఏలూరు వాళ్లమైతే అసలే అనకూడదు. ఇక్కణ్నుంచి 12 కిలోమీటర్లు వెళితే పెదవేగి. ఒకనాటి వేంగి. ఆ వేంగి చాళుక్యుల వంశంలోని రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో ఉండి, 11వ శతాబ్దంలో నన్నయ చేత మహాభారతం మొదలుపెట్టించాడు. ఆదిపర్వం, సభాపర్వం అయ్యాయి. అరణ్యపర్వంలో నాలుగో ఆశ్వాసం సగంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ వర్ణిస్తూ... అక్కడ ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు కానీ ఆ సగం జోలికి వెళ్లలేదు. దాన్ని ముట్టుకుంటే మతిపోతుందని చెప్పుకునేవారట. బ్రయాన్ నిప్పు టేపు గుర్తొస్తోంది కదూ!

14వ శతాబ్దంలో ఎర్రన ఆ పని చేశాడు. ఎలా చేశాడో చూడండి. నన్నయ రాత్రి దగ్గర ఆపితే, ఎర్రన అదే శరత్కాలంలో సూర్యోదయంతో మొదలుపెట్టాడు. తనకు ఆశ్రయమిచ్చిన రెడ్డిరాజుకి అంకితమివ్వలేదు. ఎప్పుడో గతించిన రాజరాజ నరేంద్రుడికే ఇచ్చాడు. మొదట్లో నన్నయ పోకడలో నడిపి, పోనుపోనూ తిక్కన పోకడలోకి తెచ్చి, అటూ ఇటూ అతుకు తెలియకుండా కలిపాడని మన పండితులు మెచ్చుకుంటారు. అయితే దొంగతనంగా చేయలేదు. చివర్లో తన పేరు చెప్పుకున్నాడు. నన్నయ కవితారీతి కొంత కనిపించేలా పూరించానన్నాడు. గమనించారా... ‘కొంత’ అన్నాడు! పోతన భాగవతంలోనూ అంతే. పోయిన స్కంధాల్ని గంగన, సింగన, నారయ పూరించారు. ఎవరి భాగం దగ్గర వాళ్ల పేరుంది. తిరుపతి వేంకట కవుల సంగతి ఇంకోరకం. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి జంటపేరుతోనే రాశారు.

ఇక్కడే నేను మా ఇంటి సంగతి చెప్పాలి. తిరుపతి వేంకట కవుల పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి!

మా తాతయ్యది... అంటే అమ్మవాళ్ల నాన్నది... కైకలూరు దాటాక కొల్లేటి అంచున ఓ పల్లెటూరు. నాటకాల మనిషి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లే జనంలో సగంమంది ఆయన కృష్ణుడి వేషం చూసినవాళ్లేనని అమ్మ చెబుతుంది. అమ్మ మాటలో పావువంతు తగ్గించుకున్నా తక్కువేం కాదు. 1986లో మావయ్య టేపు రికార్డరు కొని, రాత్రిళ్లు అన్నాలయ్యాక తాతయ్య చేత పద్యాలు పాడించి ఎక్కించాడు. పడక సీను మొత్తం వచ్చింది. రాయబారం సగం అయ్యింది. ఈలోగా తాతయ్యకి ఆయాసం ఎక్కువైంది. మరుసటేడు పోయారు.

మిగిలినవి మూడు క్యాసెట్లు. మూడింటి మీదా బాల్‌పెన్నుతో ‘నాన్న’ అని ఉంది. అంకెల్లేవు.

వచ్చే మాఘంలో తాతయ్యకి నూరేళ్లు. మావయ్య కొడుకు, అంటే మా బావ, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. క్యాసెట్లు తీసుకెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించాడు. మొన్న సంక్రాంతికి అందరం మావయ్య ఇంట్లో పోగయ్యాం. బావ ల్యాప్‌టాప్ తెరిచాడు.

మొదటి తగువు వరుస దగ్గరే. నాటకం పుస్తకంలో ఉన్న వరుసలో పద్యాలు పేర్చానన్నాడు బావ. మావయ్య ఒప్పుకోలేదు. ‘‘మా నాన్న స్టేజీ మీద పుస్తకం వరుసలో ఏనాడు పాడాడ్రా? జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడేవాడు. హుషారొస్తే ఎక్కడో ఉన్న పద్యం లాక్కొచ్చేవాడు’’ అన్నాడు. సరే, మావయ్య చెప్పినట్టే ముక్కలు మార్చారు. పాట మొదలైంది. చప్పుడంతా పోయి తాతయ్య గొంతు గంటలా వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ మాత్రం కొట్టలేదు. ‘‘అమ్మ ఏదిరా?’’ అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అసలు క్యాసెట్‌లో రెండో పద్యం మధ్యలో మా అమ్మమ్మ గొంతు వినిపించేదట. ‘‘ఏవండీ, చారు చల్లారిపోతోంది. రెండు ముద్దలు తిని పాడుకోండి’’ అని. అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. బావ వాడిన సాఫ్ట్‌వేరు దాన్ని చప్పుడు కింద లెక్కేసి తుడిచేసింది! పాపం, బావ మొహం చిన్నబోయింది. అసలు నకలు దాచాడు కాబట్టి సరిపోయింది.

రెండో తగువు ఇంకా పెద్దది. రాయబారం సగంలో ఆగింది కదా. ‘‘మిగతా పద్యాలు కూడా తాతయ్య గొంతులోనే చేయించాను, వినండి’’ అన్నాడు బావ. ఈ కృత్రిమ మేధతో ఇప్పుడు అది చిటికెలో పని. వీటిలో రెండు రకాలున్నాయి, కలిపేయకూడదు. బీటిల్స్ బృందం 2023 నవంబరులో ‘నౌ అండ్ దెన్’ అనే పాట విడుదల చేసింది. జాన్ లెనన్ 1970ల్లో ఇంట్లో క్యాసెట్‌లో పాడుకున్న పాట. పియానో మోతలో మునిగిపోయిన అతని గొంతును యంత్రంతో విడదీసి పైకి తెచ్చారు. గొంతు అతనిదే, పాడిందీ అతనే. పాడనివాళ్ల చేత పాడించడం వేరే సంగతి. మన బాలుగారి గొంతును అడక్కుండా ఇలా వాడారంటూ ఆయన కుటుంబం 2024లో ఓ తెలుగు సినిమా వాళ్లకి నోటీసు పంపింది. తాతయ్య విషయంలో నోటీసు ఇవ్వాల్సినవాళ్లూ, చేసినవాళ్లూ ఒకే ఇంట్లో కూర్చున్నారు!

బావ ఆ పద్యం వినిపించాడు. అచ్చం తాతయ్యే. ఎవరూ మాట్లాడలేదు. మావయ్య లేచి బయటికెళ్లిపోయాడు. చెరువుగట్టు మీద కాసేపు నిలబడి వచ్చాడు.

‘‘బాగానే ఉందిరా. కానీ ఆ రాగం తీసేచోట మా నాన్నకి ఊపిరి అందేది కాదు. అక్కడ ఆగి, కిరీటం సర్దుకుంటూ జనం వైపు చూసేవాడు. చప్పట్లు పడేవి. ఈయన ఆగలేదు’’ అన్నాడు.

బావ ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

నేను అభిమానుల పక్షమే. ముక్కలు దొరికితే పేర్చుకోవాలి, తగువులాడుకోవాలి, ఖాళీ ఉంటే పూరించుకోవాలి. పేర్చనివ్వకపోతే స్మైల్ గిడ్డంగిలోనే ఉండిపోయేది. కాకపోతే ఎర్రనలా పూరించినవాడి పేరు పూరించినచోట ఉండాలి. ఆ సాయంత్రం నేను బావతో ఇదే అన్నాను. ‘ఎర్రన ఎవరు?’ అనలేదు కానీ, దాదాపు అలాగే చూశాడు.

పరిష్కారం మావయ్యే చూపించాడు. ఆయన జన్మలో పద్యం పాడలేదు. కుర్రతనంలో తెరవెనక నిలబడి తాతయ్యకి మాట అందించేవాడు. పద్యాలన్నీ నోటికొచ్చు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక బావని లేపి, ఫోన్ ఆన్ చేయమన్నాడట. మొదట ‘‘ఇక్కణ్నుంచి నేను’’ అని చెప్పి, మిగతా రాయబారం పాడాడు. గొంతు పలకలేదు. పైస్థాయి అందలేదు. తాతయ్య ఆగేచోట మాత్రం ఆగాడు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లు తయారవుతున్నాయి, చుట్టాలందరికీ పంచడానికి. యంత్రం పాడిన పద్యం అందులో లేదు. బావ దాన్ని చెరిపేశానంటున్నాడు కానీ నాకు నమ్మకం లేదు. చప్పుడు తీసేసిన పాటలో అమ్మమ్మ మాట తిరిగి పెట్టాలన్నంతవరకూ అందరూ ఒక్కటే. ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు. అది వచ్చిన రెండో పద్యం తాతయ్య మూడు రాత్రులు మూడుసార్లు పాడారు. అమ్మమ్మ మాట ఉన్న రాత్రి గొంతు కాస్త జీరగా ఉంది. అదే వాడాలని అమ్మ. మంచిగా పాడిన రాత్రిది వాడి, మాట అందులో అతికించమని బావ. అసలు ఆ మాట పడక సీనుకి ముందుదని మావయ్య. క్యాసెట్ మీద అంకె వేసుంటే తెలిసేది. నిన్న రాత్రి కూడా ముగ్గురూ ఫోన్లో గంటసేపు వాదించుకున్నారు.